మూడు డ్రెస్సింగుల్లో మందు మాట: విశాఖ క్యాజువాలిటీ నుంచి ఒక కేసు

ఏప్రిల్ 4, రాత్రి తొమ్మిదిన్నర. ఫిషింగ్ హార్బర్ నుంచి 108లో, చేపల బోటు మీద పనిచేసే ఒక కలాసీని తీసుకొచ్చారు. వయసు 38. జెట్టీ మీద తడిగచ్చుకి కాలు జారి, ఐసు పెట్టె రేకు అంచు మీద పడ్డాడు. ఎడమ ముంజేతి మీద 7 సెంటీమీటర్ల గాయం, ఎడమ కనుబొమ మీద చిన్న చీలిక. ఒంటి నిండా చేపల వాసన, దాన్ని మించి మందు వాసన. మధ్యాహ్నం బోటు వేట నుంచి తిరిగొచ్చింది. సాయంత్రం వాటాలు పంచుకున్నారు. ఆ తర్వాత నలుగురూ కూర్చున్నారు.

నేను నగరంలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని. ఈ మనిషి తర్వాత మందు మానేశాడని ఈ కేసు రాయడం లేదు. మానలేదు, తగ్గించాడు. అలా తగ్గించుకోవడంలో నర్సు చేయగలిగింది ఎంత, అది ఏ గంటలో చేయాలి అన్నది ఈ కేసులో నాకు బాగా తెలిసొచ్చింది. అతని ఒప్పుకోలు తీసుకునే రాస్తున్నాను. పేరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆ రాత్రి

తాగొచ్చిన మనిషికి తలమీద దెబ్బ ఉంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట మనవాళ్ల నోటి నుంచే వస్తుంది: "తాగున్నాడు, పడుకోనివ్వండి, తెల్లారేసరికి దిగిపోతుంది." మత్తుకీ, తలలో రక్తం గడ్డకట్టడానికీ పైకి కనిపించే తేడా చాలా తక్కువ. ఇతనికి జీసీఎస్, అంటే స్పృహని కొలిచే లెక్క, 15కి 14. కళ్లు తెరిచే ఉన్నాడు, చెప్పినట్టు చేతులు కదుపుతున్నాడు, కానీ ఏ వారమో చెప్పలేకపోయాడు. సీటీ తీయించాం, ఏమీ లేదు. అయినా మాట సరిగ్గా వచ్చేదాకా అరగంటకోసారి కనుపాపలు, జీసీఎస్, బీపీ చూస్తూనే ఉన్నాను. రాత్రి ఒంటిగంటకి 15కి వచ్చాడు.

వేలి రక్తంలో షుగర్ 68. తాగేరోజున తిండి సరిగ్గా పడదు, పైగా మందు లోపలుంటే లివర్ కొత్తగా గ్లూకోజు తయారుచేయడం మందగిస్తుంది. డాక్టరు గారు ముందు థయమిన్ (బీ1 విటమిన్) ఇంజెక్షన్, ఆ తర్వాతే డెక్స్‌ట్రోజ్ రాశారు. ఎక్కువగా తాగేవాళ్ల ఒంట్లో థయమిన్ అడుగంటి ఉంటుంది. అలాంటివాళ్లకి ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే వెర్నికీ స్థితిలోకి నెట్టినట్టవుతుంది. తర్వాత గాయం కడిగి, టీటీ ఇచ్చి, చేతికి 9 కుట్లు, కనుబొమకి 3 కుట్లు వేశారు. నరాలూ కండరాలూ తెగలేదు. వేళ్లు ముడిచి తెరిచి చూపించాడు.

తప్పు నేను చేసింది ఇక్కడే. పదకొండింటికి అతని భార్య వచ్చింది. అతను వింటుండగానే ఆమెని అడిగాను: "రోజూ ఎంత తాగుతాడమ్మా?" ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. నేను అక్కడితో ఆగకుండా అతని వైపు తిరిగి, "ఇద్దరు పిల్లల తండ్రివి, ఇలా తాగితే ఎలా నువ్వు?" అన్నాను. అతను గోడవైపు తిరిగి పడుకుని, "తప్పైపోనాది సిస్టరమ్మా, ఇంక తాగను" అన్నాడు. మా ప్రాంతంలో పనిచేసిన ఏ నర్సుకైనా ఈ మాట తెలుసు. ఇంక నన్నొదిలెయ్యండి అని దానర్థం. మత్తులో ఉన్న మనిషితో, పెళ్లాం ముందు, కుట్లు వేస్తూ మాట్లాడే మాట అతని చెవిదాకా పోదు. సిగ్గుపడిన మనిషి అబద్ధం చెప్తాడు. ఆ అబద్ధాన్నే మనం కేస్‌షీట్లో రాసుకుంటాం.

తెల్లారి ఆరున్నరకి

భార్య పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది. డ్యూటీ మారడానికి ఇంకా గంటన్నర ఉంది. టీ తెప్పించి ఇచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. రాత్రి "నువ్వు" అన్నదాన్ని ఇప్పుడు "మీరు" అన్నాను. "అన్నయ్యా, మీ చెయ్యి గురించీ, నిన్నటి మందు గురించీ ఓ పది నిమిషాలు మాట్లాడొచ్చా? వద్దంటే మానేస్తాను. మీరు చెప్పింది మీ బోటు నడిపే సరంగుకి గానీ ఇంట్లోవాళ్లకి గానీ చెప్పను." కాసేపు నన్ను చూసి, "అడగండి" అన్నాడు.

"తాగుతారా?" అని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే: ఎప్పుడో ఓ పాలి. అందుకని కొలతతోనే మొదలుపెడతాను. "వేట నుంచి దిగిన రోజున ఎంతవుతుంది? క్వార్టరా, హాఫా?" తాగుతాడన్న సంగతి మనకి తెలుసు, తిట్టడానికి రాలేదు అని ఆ ప్రశ్నలోనే చెప్పినట్టవుతుంది. క్వార్టరు ఎక్కువేమీ కాదని చెప్పుకునే వీలు అతనికి ఉంటుంది, ఎక్కువైతే హాఫ్ అని ఒప్పుకోవడానికి సందూ ఉంటుంది.

"క్వార్టరేనమ్మా. దాని మీద ఓ బీరు."

"స్ట్రాంగా, లైటా?"

"లైటు తాగితే ఏటుంటాది?"

లెక్క ఇద్దరం కలిసి వేశాం. తాగుడు ఏ స్థాయిలో ఉందో తేల్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆడిట్ ప్రశ్నావళిలో ఒక డ్రింకు అంటే 10 గ్రాముల ఆల్కహాలు. మన దగ్గర దొరికే బ్రాందీ, విస్కీల్లో 30 మిల్లీలీటర్ల పెగ్గుకి ఇంచుమించు అంతే ఉంటుంది. కాబట్టి 180 మిల్లీలీటర్ల క్వార్టరంటే 6 డ్రింకులు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 8 శాతమైతే, ఇంకో 4. "బీరు లెక్కలోకి రాదనుకున్నాను" అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. అతను ఒక రోజులో తాగేది 10 డ్రింకులు. నెలకి రెండు వేటలు, ఒడ్డున ఉండేది అటూ ఇటూ తొమ్మిది రోజులు, ఆ తొమ్మిది రోజులూ తాగుతాడు. నెలకి 90 డ్రింకులు, అంటే 15 క్వార్టర్లకి సమానం. ఈ అంకె నేను చెప్పలేదు, వేళ్ల మీద అతనే కట్టాడు. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం పాలసీ నుంచి క్వార్టరు 99 రూపాయలకి దొరుకుతోంది కాబట్టి డబ్బు లెక్క కూడా అతని నోటి నుంచే వచ్చింది.

ఆడిట్ పది ప్రశ్నలూ మామూలు మాటల్లోనే అడిగాను. మొత్తం 19 వచ్చింది. 8 నుంచి 15 వస్తే సలహా చాలు. 16 నుంచి 19 వస్తే కూర్చుని మాట్లాడి మళ్లీ మళ్లీ చూడాలి. 20 గానీ ఆపైన గానీ వస్తే మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. ఇతను గట్టు మీద నిలబడ్డాడు. పైగా ఆ 19లో 8, చివరి రెండు ప్రశ్నల వల్ల వచ్చినవే: తాగినందువల్ల దెబ్బ తగిలిందా, తగ్గించమని ఎవరైనా అన్నారా. తాగుడుకి శరీరం బానిసైందా లేదా అన్నది ఈ మొత్తం చెప్పదు. అది తెలియకుండా ముందుకి అడుగు వేయకూడదు.

దానికి సముద్రమే జవాబు చెప్పింది.

"బోటు మీద తాగుతారా?"

"సరంగు ఒప్పుకోడమ్మా. పది రోజులు సుక్క ఉండదు."

"రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయా? ఊరికే చెమటలు పట్టడం, గుండె దడ, లేనివి కనిపించడం, ఎప్పుడైనా ఫిట్సు?"

"మొదటి రాత్రి నిద్దర పట్టదు. అంతే. వల లాగితే ఒళ్లు తెలీదు."

నెలకి రెండుసార్లు, పదేసి రోజులు మందు లేకుండా, బరువు పని చేస్తూ, వణుకు రాకుండా ఉంటున్న మనిషి ఇతను. అంటే శరీరం ఇంకా మందు మీద ఆధారపడలేదు. ఇలాంటివాళ్లకి నర్సు మాట పనిచేస్తుంది. హార్బర్ నుంచి వచ్చే ప్రతి కలాసీని ఇప్పుడు నేను ఈ ప్రశ్నే ముందు అడుగుతున్నాను. లారీ డ్రైవరైతే ట్రిప్పు గురించి, మాల వేసుకునేవాళ్లయితే దీక్ష 41 రోజుల గురించి అడుగుతాను. "మానితే ఏమవుతుంది?" అనే ఊహాప్రశ్న కన్నా, ఇప్పటికే మానిన రోజుల్లో ఏం జరిగిందో అడిగితే నిజం బయటికొస్తుంది.

ఈ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట, నేను వార్డులో పనిచేస్తున్నప్పుడు, కాలు విరిగి చేరిన ఒక కాంట్రాక్టు కూలీని మందు గురించి ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు. మూడో రాత్రి సెలైన్ పీకేసి, గోడ మీద చీమలు పాకుతున్నాయని కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒళ్లు కాలిపోతోంది, నాడి 140. రోజూ పొద్దున్నే మందుతో మొదలుపెట్టే మనిషికి ఆసుపత్రి మంచం బలవంతంగా మాన్పించింది. వణుకు ఆరు గంటల నుంచీ మొదలవచ్చు, ఫిట్సు మొదటి రెండు రోజుల్లో, ఈ పిచ్చి పలవరింత సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. ప్రాణం పోయేంత ప్రమాదం. అలాంటివాళ్లకి "రేపటి నుంచి మానెయ్" అని చెప్పడం తప్పుడు సలహా. మందు మానినప్పుడు వచ్చే బాధల్ని కొలిచే సీవా స్కేలు మీద లెక్క చూసుకుంటూ, ఆ బాధల్ని అణిచే లోరాజిపామో క్లోర్‌డయాజిపాక్సైడో ఇస్తూ, డాక్టర్ల కళ్లెదుట మాన్పించాలి. చినవాల్తేరు మానసిక వైద్యశాలకి పంపాల్సింది అలాంటివాళ్లని.

రూపాయిలో ఎంత

లివర్ పరీక్షలో ఎస్‌జీఓటీ 92. మామూలుగా 40 దాకా ఉంటుంది. ఆ సంగతి చెప్పి, "దీని గురించి మీకేమనిపిస్తోంది?" అని ఆగాను. ఆ ఆగడం చాలా కష్టం. మనం నర్సులం చెప్పడానికే అలవాటుపడ్డాం. అతను కాసేపు ఊరుకుని, "మా నాన్న కడుపు ఉబ్బి పోయాడు" అన్నాడు. నేను దాని మీద ఇంకేమీ పేర్చలేదు.

పాఠాల్లో సున్నా నుంచి పదిదాకా స్కేలు గీసి చూపించమంటారు. నేను రూపాయి లెక్క అడుగుతాను. "తగ్గించాలని మీకు రూపాయిలో ఎంతుంది?"

"అర్ధ రూపాయుంటాది."

"పావలా అనలేదేం?"

ఇది మలుపు ప్రశ్న. "ముప్పావలా ఎందుకు కాదు?" అని అడిగితే తాగడానికి కారణాలు చెప్తాడు. "పావలా ఎందుకు కాదు?" అంటే తగ్గించడానికి కారణాలు తానే వెతుక్కుంటాడు. అతను కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో ఎడమ వేళ్లని ఒక్కొక్కటిగా మూశాడు. చిటికెన వేలు నొప్పికి సగంలో ఆగింది. "ఈ చెయ్యి ముడవకపోతే వల ఎవుడు లాగుతాడమ్మా? సరంగు రేపే ఇంకొకడ్ని ఎక్కించుకుంటాడు" అన్నాడు. అతని కారణం లివర్ కాదు, పిల్లలూ కాదు. పిడికిలి. రాత్రి నేను పిల్లల పేరు ఎత్తడం ఎంత దండగో అప్పుడర్థమైంది.

చేయగలనన్న నమ్మకం ఎంతంటే పావలా అన్నాడు. అసలు లేదు అనకుండా పావలా ఎందుకన్నారంటే, "బోటు మీద ఉంటన్నాను గదా" అన్నాడు. ఆ మాట కేస్‌షీట్లో అలాగే రాసుకున్నాను.

మొత్తం పద్దెనిమిది నిమిషాలు పట్టింది. దీని వెనక ఉన్న పరిశోధన కొత్తదేమీ కాదు. 1999లో అమెరికాలోని సియాటిల్ ట్రామా సెంటరు నుంచి వచ్చిన అధ్యయనంలో, గాయాలతో చేరినవాళ్లతో ఒక్కసారి అరగంట మాట్లాడి ఏడాది తర్వాత చూస్తే, మాట్లాడినవాళ్లు వారానికి సుమారు 22 డ్రింకులు తగ్గించారు, మాట్లాడనివాళ్లు 7. మన దేశంలో గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి వచ్చే, ఆడిట్ 12 నుంచి 19 మధ్య ఉన్న మగవాళ్ల మీద జరిపిన పరీక్ష 2017లో అచ్చయింది. అక్కడ మాట్లాడింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలలకి ఆ గుంపులో 36 శాతం మంది ప్రమాదకర స్థాయి నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యం అందినవాళ్లలో 26 శాతం. పది శాతం తేడా. ఇదేమీ మహిమ కాదు, ఎమర్జెన్సీలో చేసిన అధ్యయనాలన్నీ ఒకే ఫలితం ఇవ్వనూ లేదు. కానీ నా డ్యూటీలో పద్దెనిమిది నిమిషాలకి అంతకన్నా మంచి ఉపయోగం ఉందని నేననుకోను.

మొదటి డ్రెస్సింగ్, ఏప్రిల్ 6

కట్టు విప్పితే గాయం అంచులు కాస్త ఎర్రగా ఉన్నాయి. మాత్రల స్ట్రిప్పు చూపించమన్నాను. నాలుగు మాత్రలు ఎక్కువ మిగిలున్నాయి. "ఈ మాత్రేసుకుంటే తాగకూడదని రాత్రి సెప్పారు గదా. అందుకని మాత్ర ఆపీసినాను" అన్నాడు. ముందురోజు బంధువులు పలకరించడానికి వచ్చి, క్వార్టరు తెచ్చారు.

అతను మా మాట జవదాటలేదు. మాత్రా మందూ కలపొద్దన్నాం, కలపలేదు. అతను ఆపేసిన మాత్ర మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్. అది రాసినప్పుడల్లా "తాగకూడదు" అని ఒక్క ముక్క చెప్పి పంపిస్తాం. తాగే మనిషికి ఆ ముక్క ఎలా వినిపిస్తుందో మనం ఆలోచించం. డాక్టరు గారిని పిలిచి చూపించాను. ఈ గాయానికి మెట్రోనిడజోల్ తప్పనిసరి కాదని దాన్ని తీసేసి, మిగతా యాంటీబయాటిక్ కొనసాగించమన్నారు. నేను అతనికి చెప్పింది ఇది: "ఏ రోజైనా తాగినా సరే, ఈ మాత్ర మానకండి. తాగిన సంగతి నాతో చెప్పండి." ఇంకోటి కూడా చెప్పాను. సముద్రపు నీటిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు పచ్చిగాయంలోంచి ఒంట్లోకి పోతాయి. లివర్ దెబ్బతిన్నవాళ్లకి అవి చెయ్యి పోయేంత, ప్రాణం పోయేంత పని చేస్తాయి. కుట్లు ఆరేదాకా ఉప్పునీళ్లలో చెయ్యి పెట్టొద్దన్నాను. ఇది మాత్రం వెంటనే ఎక్కింది. అలా చెయ్యి పోయిన వాళ్లెవరో అతనికి తెలుసు.

ఆ రోజు భార్య కూడా వచ్చింది. అతన్ని డ్రెస్సింగు రూములో ఉంచి, ఆమెతో విడిగా మాట్లాడాను. కొడతాడా అని సూటిగానే అడిగాను. అరుస్తాడు, చెయ్యి చేసుకోలేదు అంది. కొంగులోంచి ఒక పొట్లం తీసింది. ఎవరో కూరలో కలిపి పెట్టమన్నారట, తాగుడు మాన్పిస్తుందట. ఇలాంటి పొట్లాల్లో కొన్నిసార్లు డైసల్ఫిరామ్ పొడి ఉంటుంది. అది తెలియకుండా తిని పైన మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె ఆగిపోవచ్చు కూడా. డాక్టరు రాసి, మనిషి తెలిసి ఒప్పుకుని వేసుకునే మందు అది. ఆమె ఆ పొట్లాన్ని నా చేతిలో పెట్టేసింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. మేము ఎవరమూ దారి చూపించకపోతే, దొరికిన దారి పట్టుకుంది. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలీ-మానస్ 14416, రెండు నంబర్లూ రాసిచ్చాను. ఆమె కోసం కూడా ఫోన్ చేయొచ్చని చెప్పాను.

రెండో డ్రెస్సింగ్ గురించి ఎక్కువ లేదు. 9న కనుబొమ కుట్లు తీశాం. మూడు రోజుల్లో ఒక్కసారి తాగాడు.

మూడో డ్రెస్సింగ్, ఏప్రిల్ 16

ఈ తేదీ ముఖ్యం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. చేపలకి మంచిదే. కానీ ఇతన్ని నెలకి రెండుసార్లు మందుకి దూరంగా ఉంచుతున్న సముద్రం రెండు నెలలపాటు మూతపడింది. తొమ్మిది రోజుల తాగుడు ముప్ఫై రోజులకి పాకేది ఇప్పుడే. హార్బర్ కేసులు మేలో వచ్చేటప్పుడు చేతులు వణుకుతూ రావడం ఇదివరకే చూశాను.

కుట్లు తీస్తూ ఆ మాటే అడిగాను: "బోటు లేదు కదా, ఈ రెండు నెలలూ సరంగు ఎవరు?" అతను నవ్వాడు. తర్వాత మెల్లగా తానే షరతులు పెట్టుకున్నాడు. వారానికి రెండు రోజులే. క్వార్టరు కాదు, అందులో సగం, నైంటీ. బీరు వద్దు. అన్నం తిన్నాకే. జెట్టీ దగ్గర కూర్చోకూడదు, ఎందుకంటే అక్కడ కూర్చుంటే లెక్క ఉండదు. సాయంత్రాలు వలలు అల్లే పని దొరికితే అక్కడికి పోతాడు. పూర్తిగా మానడం అన్నిటికన్నా మంచిదని ఒక్కసారి చెప్పాను. ఆ తర్వాత అతను ఎంచుకున్నదాన్నే కాగితం మీద రాశాను. నా కోరిక రాస్తే అది నా కాగితమవుతుంది.

ఆ తర్వాత

మూడు వారాలు నిలబడ్డాడు. మే రెండో వారంలో బంధువుల పెళ్లిలో రాత్రంతా తాగి, రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తాడు. "ఎందుకు తాగారు?" అని అడగలేదు. "మూడు వారాలు ఎలా ఆపగలిగారు?" అని అడిగాను. చాలాసేపే మాట్లాడాడు. వలలు అల్లే పని ఆగిపోయిన వారమే ఆ పెళ్లి కూడా వచ్చింది. తాగుడు గురించి మాట్లాడేటప్పుడు కూలి పని గురించి మాట్లాడకపోతే సగమే మాట్లాడినట్టు. ఆ సగం నర్సు చేతిలో లేదు.

జూన్ 15 దాటాక బోటెక్కాడు. జూలై మొదటి వారంలో ఫలితం చూశాను. ఆడిట్ ఏడాది మొత్తాన్ని అడుగుతుంది కాబట్టి మూడు నెలలకే మళ్లీ చేస్తే తప్పుడు అంకె వస్తుంది. అందుకని పాత పద్ధతిలోనే, గడిచిన 30 రోజులూ వేళ్ల మీద లెక్కించాం. 15 క్వార్టర్లకి సమానమైన చోట 6. బీరు రెండుసార్లు. కొత్త గాయం లేదు. వణుకు లేదు. ఇదంతా అతను చెప్పిందే. భార్యని అతని అనుమతితోనే అడిగితే, "తగ్గింది, అరుపులు తగ్గాయి, కానీ నాకింకా భయమే" అంది. ఆ మాట కూడా ఫలితంలో భాగమే.

పిడికిలి పూర్తిగా ముడుస్తున్నాడు. చిటికెన వేలు కూడా.

మా డ్రెస్సింగు రిజిస్టరులో ఇప్పుడు గాయం వివరాల పక్కన ఒక గడి గీశాం: చివరిసారి ఎప్పుడు, ఎంత. రాత్రి డ్యూటీవాళ్లు ఖాళీగా వదిలేసినా, డ్రెస్సింగుకి వచ్చినప్పుడు పగటి డ్యూటీవాళ్లు నింపుతారు. ఇతని గడిలో ఒకటి మిగిలుంది. ఎస్‌జీఓటీ రెండోసారి చేయించాలి. బోటు వేటలో ఉంది. ఒడ్డుకి రాగానే, వాటాలు పంచుకునే ముందే, రక్తం ఇచ్చి వెళ్తానన్నాడు.